తెల్లమెట్ట బడిలో పిల్లలెంతమంది

పోటు మూడో రోజు

ఈ దినచర్య పుస్తకం అట్ట మీద "విషయాలు మాత్రమే రాయవలెను, అభిప్రాయాలు రాయరాదు" అని అచ్చు వేసి ఉంది. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పినదాన్ని, అభిప్రాయాలతో నాకేం పని? రెండు రెళ్ళు నాలుగనడానికి ఎవరి సలహా అక్కర్లేదు. కాబట్టి విషయాలే రాస్తాను.

ఇవాళ తొమ్మిదో తరగతి కనిపించలేదు. గది ఉంది, లోపల పిల్లలూ ఉన్నారు, కానీ మంచు కిటికీల్లోంచి వచ్చి బల్లల నిండా కూర్చుంది. హాజరు పిలిస్తే ఒక్కో మూల నుంచి ఒక్కో గొంతు తేలుతూ వచ్చింది. బోర్డు మీద రాసిన అంకె రాసినట్టే కారిపోయింది. కిటికీలు మూయండర్రా అన్నాను. ఎవరూ కదల్లేదు.

"మూయకూడదు మేడమ్," అందొక గొంతు. "పోటొచ్చినప్పుడు తలుపులేసీసినామనుకోండి, అలిగెల్లిపోద్ది."

"ఎవరమ్మా అలిగేది?"

"మంచే మేడమ్."

ఈ ఊళ్ళో మంచు దట్టంగా రావడాన్ని పోటు అంటారు, వెనక్కి పోవడాన్ని ఆటు అంటారు. వీళ్ళ తాతలు సముద్రం మీద వేటాడినవాళ్ళు. నీళ్ళు ఊరిని మింగేశాక వలలు భుజాన వేసుకుని ఈ కొండెక్కారు. ఎక్కి ఊరుకున్నారా? అవే వలలు స్తంభాలకు కట్టి మంచును పట్టడం మొదలుపెట్టారు. వలల మీంచి కారిన నీళ్ళు కింది తొట్లలో చేరి, గొట్టాల్లో పట్నాలకు పోతాయి. ఇప్పటికీ ఆ పనిని వేట అనే అంటారు. మా మడకశిర వైపు నీళ్ళ కోసం భూమిని వెయ్యి అడుగులు తొలిచేవాళ్ళం. గాల్లోకి చెయ్యి చాపితే నీళ్ళు దొరికే చోటు ఒకటుందని నాకు యాభై మూడో ఏట తెలిసింది. జూన్‌లో ప్రధానోపాధ్యాయురాలిగా ఇక్కడికి వచ్చాను. ఇది నా మొదటి పోటు.

విద్యాశాఖ నుంచి ఉత్తరం వచ్చింది. అయిదేళ్ళకోసారి ప్రతి బడీ ఇవ్వవలసిన పరిచయపత్రం ఈ నెలాఖరుకు, అంటే పోటు ఇరవై ఏడో రోజుకు, పూర్తి కావాలట. అందులో రెండు భాగాలు. చదువు సంగతులు నేను నింపాలి. ఊరి సంగతులు విద్యాశాఖ పంపే ఆరా అనే యంత్రం నింపుతుంది. రెండూ పొసగాలి.

పోటు ఆరో రోజు

చదువు భాగం నింపాను.

ఉత్తీర్ణత: వందకు తొంభై నాలుగు. ఉపాధ్యాయులు: నాతో కలిపి ఆరుగురు. ఏడో కుర్చీ పదకొండేళ్ళుగా ఖాళీ, దాని మీద గ్లోబు పెట్టుకున్నాం. గ్రంథాలయంలో పుస్తకాలు: పన్నెండు వందల ఆరు. వాటిలో తడవనివి నలభై. ఆటస్థలం: ఉంది, కనిపించినప్పుడు. విద్యార్థుల ప్రత్యేకత: నోటిలెక్కలు. ఏటా నాలుగు నెలలు సుద్దముక్క పనిచేయని బడిలో పిల్లలు నోటితో లెక్క కట్టక ఏం చేస్తారు?

అందరిలోకీ దిట్ట చోడిపిల్లి అసిరితల్లి. పదో తరగతి. మూడంకెల గుణకారం చెబితే రెండు రెప్పపాట్లలో జవాబిస్తుంది. పరీక్ష పాసై కింద పట్నంలో నీటిశాస్త్రం చదవాలని దాని కోరిక. ఇవాళ పాఠం మధ్యలో మంచులోంచి దాని గొంతు అడిగింది: "మేడమ్, ఈ గదిలో ఉన్న మంచులో సముద్రం నుంచొచ్చింది ఎంత శాతం ఉంటాది?"

నాకు తెలీదన్నాను. లెక్కల టీచరు నోట ఆ మాట రావడం పిల్లలకు పండగ అయింది. అందరూ నవ్వారు. ఎవరు నవ్వుతున్నారో కనిపించకపోయినా బాగుంది.

మధ్యాహ్నం ఆరా వచ్చింది. కొబ్బరికాయంత యంత్రం, గాల్లో తేలుతుంది, పద్ధతిగా మాట్లాడుతుంది. "నమస్కారము. నేను ప్రతి గృహమునకు వెళ్ళి, ఇంటిపెద్దను బడి ఈడు పిల్లల పేర్లు అడిగెదను," అని చెప్పి మంచులోకి పోయింది. వెళ్ళిరా తల్లీ అన్నాను.

పోటు పదో రోజు

ఆరా ఊరంతా తిరిగి వచ్చింది.

"నమోదైన విద్యార్థులు మూడు వందల పదకొండు," అంది ఆరా. "ఊరి పెద్దలు తమ నోట చెప్పిన పిల్లలు నూట అరవై ఎనిమిది. అనుమతించిన తేడా పదోవంతు, అనగా ముప్పై ఒకటి. ఉన్న తేడా నూట నలభై మూడు. నిర్ధారణ: దొంగ నమోదు."

"దొంగ నమోదా? ఎవర్ని పట్టుకుని ఏం మాట్లాడుతున్నావే?" అన్నాను. యంత్రాన్ని ఏకవచనంలో పిలవొచ్చో లేదో నియమావళిలో లేదు.

"నెలాఖరులోగా తేడా సరిపడనిచో పాఠశాల మూసివేయబడును. పిల్లలు తమ ఇళ్ళలో తెర ముందు పాఠములు వినెదరు. భవనము నీటి గిడ్డంగి అగును. ఈ సంవత్సరపు పదో తరగతి పరీక్ష చెల్లదు."

పదో తరగతిలో యాభై ఏడు మంది. అసిరితల్లి పేరు అందులో మొదటిది.

"రా, చూపిస్తాను," అని దాన్ని తరగతులకు లాక్కుపోయాను. దాని కంటికి తెలుపు తప్ప ఏమీ కనిపించలేదు. "నాకు అగపడుట లేదు. అగపడినను ఇంటిపెద్ద మాటయే ప్రమాణము," అంది. నేనే గది గదికీ తిరిగి, ఒక్కో తల మీద చెయ్యి వేస్తూ లెక్క పెట్టుకున్నాను. చల్లటి జుట్టు, నూనె జుట్టు, రిబ్బన్లు. నలుగురు రాలేదు. మూడు వందల ఏడు తలలు నా అరచేతి కింద ఉన్నాయి. ఏడుపొచ్చింది. ఎవరికీ కనిపించదు కదా అని కాసేపు ఏడ్చాను.

పోటు పదకొండో రోజు

పొద్దున్నే రిజిస్టరు ముందేసుకుని ఇళ్ళ వారీగా పిల్లల్ని విడదీశాను. ఒక్క బిడ్డ ఉన్న ఇళ్ళు ఇరవై ఏడు. ఇద్దరున్నవి అరవై నాలుగు. ముగ్గురున్నవి యాభై రెండు. మొత్తం ఇళ్ళు నూట నలభై మూడు.

తేడా కూడా నూట నలభై మూడు.

ఇంటికొకరు చొప్పున తప్పారు! కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ముప్పై ఏళ్ళలో ఏ లెక్కా నన్నిలా లేపలేదు.

తెలుగు మాస్టారు సన్యాసిరావు ఈ ఊరివాడే. పట్టుకుని అడిగాను.

"నాకు తెల్సు మేడమ్," అన్నాడు నెమ్మదిగా. "సెప్పకూడదని ఊరుకున్నాను."

"ఎందుకు చెప్పకూడదప్పా?"

"అదీ సెప్పకూడదు."

ఆయనతో పెట్టుకుంటే తెల్లారదని నేనే ఊళ్ళోకి నడిచాను. మొదటి ఇంట్లో ఒకావిడ గుమ్మంలో కూర్చుని మా ఏడో తరగతి పిల్లకు జడ వేస్తోంది.

"అమ్మా, మీ ఇంట్లో బడికెళ్ళే పిల్లలెంతమంది?"

"పిల్లల్లేరమ్మగారూ."

"మరి ఈ పిల్లెవరు?"

"ఏ పిల్ల?" అంది జడపాయ వదలకుండా. పిల్ల మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఊగిపోతూ నవ్వింది.

వలల మైదానానికి పోయాను. అక్కడ స్తంభాల మధ్య వలలు ఉబ్బి, మంచు వాటిలోంచి మెల్లగా జారుతోంది. ఎక్కడ చూసినా చుక్కల చప్పుడే. అసిరితల్లి నాయనమ్మ కాసులమ్మ ఈ వేట మొత్తానికి పెద్ద. డెబ్భై దాటిన మనిషి నిచ్చెన మీద నిలబడి వలలో చిరిగిన కన్ను ముడి వేస్తోంది.

"లెక్కలమ్మగారా! ఏటిలాగొచ్చినారు?"

అడిగాను. ఆమె నిచ్చెన దిగి, చేతులు తుడుచుకుని, నా చెవి దగ్గరకొచ్చి చెప్పింది.

"ఏటకెల్లినోల్ల లెక్కగానీ, ఇంట్లో పిల్లగుంటల లెక్కగానీ పూర్తిగా పైకి సెప్పకూడదమ్మా. సముద్రం ఇంటాది, ఇన్నోల్లనల్లా పట్టుకెల్లిపోద్ది. ఒకర్ని దాసీసి సెప్పాల. మా అత్త సెప్పింది, ఆల్లత్త సెప్పింది."

"అవ్వా, సముద్రం ఎక్కడో కింద ఉంది కదా!"

కాసులమ్మ చుట్టూ ఉన్న తెలుపు వైపు చెయ్యి ఊపింది. "ఇదేటనుకున్నారు? సముద్రమే. ఆవిరైపోయి మా ఎనకాలే కొండెక్కీసినాది. మమ్మల్నొదిలి ఉండలేదు పాపం."



పోటు పన్నెండో రోజు

రిజిస్టరూ ఆరా జాబితా పక్కపక్కన పెట్టి, తప్పిపోయిన నూట నలభై మూడు పేర్లూ దించాను. అందంగా వచ్చింది జాబితా. నోటీసు బోర్డుకు పెట్టించాను: "ఈ కింది విద్యార్థుల ఇంటిపెద్దలు వెంటనే వచ్చి వీరి పేర్లు చెప్పవలెను." ఒక్కరోజులో తేలిపోయే పని. దీనికా నేను ఏడ్చింది?

పోటు పదమూడో రోజు

నా తెలివి తెల్లారినట్టే ఉంది.

పొద్దున బోర్డు దగ్గర పిల్లలు మూగారు. మొదట సందడి, తర్వాత నిశ్శబ్దం. హాజరు పిలిస్తే సగం మంది పలకలేదు. ఎనిమిదో తరగతిలో కవల పిల్లలిద్దరూ చెరో మూలకూ పోయి కూర్చున్నారు. ఏడో తరగతిలో ఒకడు తన తమ్ముణ్ణి కొట్టాడు. ఎందుకురా అంటే చెప్పడు.

సన్యాసిరావు నా గదిలోకి వచ్చి తలుపు వేశాడు. పోటులో ఆయన తలుపు వేయగా చూడడం అదే మొదటిసారి.

"ఎంత పని సేసినారు మేడమ్!"

"ఏం చేశాను? పేర్లే కదా రాసింది?"

"దాసేది ఎవర్నో తెల్సా మీకు? ఏ బిడ్డ కోసం గుండె ఎక్కువ కొట్టుకుంటాదో ఆ బిడ్డని. ఏ బిడ్డ పోతే బతకలేమో ఆ బిడ్డని. ఆ సంగతి ఇంటిపెద్ద మనసులో ఉంటాది, సచ్చిందాకా ఎవరికీ సెప్పదు. మీరు బోర్డుకి అంటించీసినారు."

ఇంటింటి గుట్టూ, ఎవరంటే ఎక్కువ ప్రాణమో, అకారాది క్రమంలో, నా సంతకం కింద.

అసిరితల్లి పేరు ఆ బోర్డు మీద లేదు. ఉన్నది దాని చెల్లెలు పోలమ్మ పేరు, ఏడో తరగతి. అంటే కాసులమ్మ అసిరితల్లి పేరు ఆరాకు చెప్పేసి, పోలమ్మను దాచుకుంది. తల్లీతండ్రీ లేని పిల్లలకు ఆ ముసలమ్మే దిక్కు.

నోటీసు చింపేశాను. చింపితే ఏం లాభం, పిల్లలు నోటిలెక్కల వాళ్ళు కదా. అందరికీ కంఠతా వచ్చేసింది.

పోటు పదిహేనో రోజు

అసిరితల్లి బడికి వచ్చింది గానీ జవాబులు చెప్పడం లేదు. పదిహేడు ఇరవై మూళ్ళు ఎంతే అంటే, "తెలీదు మేడమ్" అంది.

"అసిరీ, నాయనమ్మకి నువ్వంటే ఇష్టం లేక కాదే."

"ఇష్టమే మేడమ్. అన్నం పెడతాది, బట్టలుతుకుతాది. భయం లేదంతే. నాకోసం ఎవరికీ భయం లేదు."

పదహారేళ్ళ పిల్లకు ఏం చెప్పి ఓదార్చాలో బి.ఇడి.లో ఎవరూ నేర్పలేదు.

పోటు పంతొమ్మిదో రోజు

వలల మైదానంలో ఊరందరి ముందూ తప్పు ఒప్పుకున్నాను. మనుషులు కనిపించలేదు. ఎదురుగా తెల్లటి గోడ, దాని వెనక దగ్గులు, గాజుల చప్పుడు. అదీ ఒక మేలే. మొహాలు కనిపిస్తే అంత మాట్లాడగలిగేదాన్ని కాదు.

"మీ ఆచారం నాకు తెలీక మీ ఇళ్ళలో నిప్పు పెట్టాను. నన్ను తిట్టండి. కానీ బడి ఏం తప్పు చేసింది? ఇంకో ఎనిమిది రోజుల్లో మూసేస్తారు. ఇరవై నాలుగో రోజున ఆరాను బడి వరండాలో కూర్చోబెడతాను. దయచేసి వచ్చి, మీ మాట దిద్దండి."



"వొస్తాం," అందొక ఆడగొంతు. "నా పెద్దది నాల్రోజుల్నించి కూడు తినలేదు. దిద్దాల."

"మావూ వొస్తాం." "మావూ." తెలుపులోంచి ఒకటొకటిగా గొంతులు. కాసులమ్మ గొంతు మాత్రం రాలేదు.

అయినా నాకు ప్రాణం లేచొచ్చింది. గదికి వచ్చి ఉప్మా చేసుకుని తిన్నాను. నాలుగు రోజుల్లో అదే సరైన తిండి.

పోటు ఇరవై నాలుగో రోజు

ఇంత పోటు తను పుట్టాక చూడలేదని సన్యాసిరావు అన్నాడు. గేటు నుంచి వరండా దాకా తాడు కట్టించాను. ఆ తాడు పట్టుకుని పొద్దున ఎనిమిది నుంచీ ఊరు కదిలి వచ్చింది. ముసలివాళ్ళు, చంకన బిడ్డలతో తల్లులు, తడి వలలు భుజాన ఉన్న మగవాళ్ళు. ఒకరి వెనక ఒకరు మంచులోంచి పుట్టడం, ఆరా ముందు వంగి ఏదో గొణగడం, మళ్ళీ మంచులో కరగడం. ప్రతి ఒక్కరినీ ఆరా అడుగుతోంది: "తమరి పాత మాట కొట్టివేయవలెనా?" ప్రతి ఒక్కరూ ఉలిక్కిపడి, "అమ్మో, పిల్ల పేరు కొట్టీడమేటి! ఉంచు, ఉంచు," అంటున్నారు. నేను దూరంగా నిలబడి మురిసిపోయాను. ఎంత మంచి జనం! ఒక్క లెక్కల టీచరు మాట మీద తాతముత్తాతల కట్టు దాటుతున్నారనుకున్నాను.

నాలుగు గంటలకు ఆఖరి మనిషి వెళ్ళింది. నూట నలభై రెండిళ్ళ వాళ్ళు వచ్చారు. కాసులమ్మ రాలేదు. ఒక్కరే కదా, ఫరవాలేదు.

"ఎంత?" అన్నాను.

"ఇళ్ళ చివరి మాటల ప్రకారము నూట అరవై ఎనిమిది," అంది ఆరా.

మళ్ళీ అడిగాను. మళ్ళీ అదే చెప్పింది.

సన్యాసిరావు స్తంభాన్ని పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. ఆపుకోలేక కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "మీరు దిద్దమన్నారు కదా మేడమ్! ఆల్లు దిద్దుకున్నారు. ఇంట్లో ఏడుస్తున్న పిల్ల ఎవరో, ఇప్పుడు ఆ పిల్లని దాసీసినారు. మొదట దాసినోల్ల పేరు సెప్పీసినారు."

అంటే ఊరు ఊరంతా తాడు పట్టుకుని, పనులు మానుకుని వచ్చింది బడిని కాపాడ్డానికి కాదు. 'నీ కోసం కూడా నాకు భయమే' అని బిడ్డకు చెప్పుకోవడానికి. నాకు కోపం రావాలి. రాలేదు. మెట్ల మీద కూలబడి నేనూ నవ్వాను. బడి పోయింది, పరీక్ష పోయింది, నా ఉద్యోగం పోయింది. మంచు నా ఒళ్ళో వచ్చి కూర్చుంది.

అప్పుడు నా వెనక నుంచి గొంతు వచ్చింది. పదిరోజుల తర్వాత ఆ గొంతులో చురుకు విన్నాను.

"మేడమ్, అంకె ఒకటే. పేర్లు వేరు కదా."

అసిరితల్లి. ఎంతసేపటి నుంచి అక్కడ నిలబడి ఉందో తెలీదు.

"అయితే?"

"పాత మాట ఎవరూ కొట్టనివ్వలేదు. రెండు మాటలూ ఉన్నాయి. మీరే కదా సమితులు సెప్పినారు. రెండు సమితులకీ సమ్మేళనం తీస్తే?"

ఛీ, నేనూ ఒక లెక్కల టీచరునే! ఆరాను పట్టుకున్నాను. "కొట్టేయని మాట చెల్లుతుందా?"

"కొట్టివేయని మాట చెల్లును."

"రెండూ కలిపి, ఒక్కసారైనా పెద్దల నోట వచ్చిన పేర్లన్నీ లెక్కపెట్టు."

అది లెక్కపెట్టేలోపే అసిరితల్లి పెదాలు కదిలాయి. "రెండొందల డెబ్భై తొమ్మిది," అంది. ఆరా కూడా అదే చెప్పింది. ఒక్కగానొక్క బిడ్డలున్న ఇరవై ఏడిళ్ళ వాళ్ళు రెండోసారీ పిల్లల్లేరనే అన్నారు. నాలుగిళ్ళలో జబ్బుపడ్డ పిల్లలున్నారు, వాళ్ళనే మళ్ళీ దాచారు. ఆ ఇళ్ళ జోలికి నేను పోలేను. ఇంకొక ఇల్లు రానే లేదు.

తేడా ముప్పై రెండు. అనుమతి ముప్పై ఒకటి.

ఆ ఒక్క ఇల్లు ఎవరిదో ఇద్దరికీ తెలుసు.

"మీ నాయనమ్మని అడుగుతావా?" అన్నాను.

"నన్ను దాసమని నానెలాగ అడుగుతాను మేడమ్?" అంది అసిరితల్లి. "అడిగితే వొచ్చేదా అది?"

పోటు ఇరవై ఆరో రోజు

నిన్నంతా గాలి లేదు, వలలు కదల్లేదు. ఇవాళ మధ్యాహ్నం కాసులమ్మ ఇంటికి పోయాను. పోలమ్మ దుప్పటి కప్పుకుని దగ్గుతోంది. పోటు వచ్చిందంటే ఆ పిల్లకు ఊపిరి ఆడదు. కాసులమ్మ వాము కాచి పట్టిస్తోంది. నేను ఎందుకొచ్చానో అడగలేదు. ఊళ్ళో ఎవరికి తెలీదు గనక!

"దీని పేరు సెప్పమంటారు," అంది. "సూడండి దీన్ని. ఎలాగ సెప్పమంటారు? నోరాడద్దా?"

"మరి అసిరి?"

"అసిరికేటమ్మా! గట్టిది. రాయిలాటి గుంట. అది పుట్టినకాణ్ణించి నాకు దిగుల్లేదు."

నా ఓపిక అయిపోయింది. "అవ్వా, ఆ రాయి పరీక్ష పాసవుతుంది. మొదటి స్థానంలో పాసవుతుంది. పాసైతే ఏం చేస్తుందో తెలుసా? కొండ దిగి పట్నం పోతుంది. సముద్రం పక్కనే ఉండే కాలేజీలో, ఆ నీళ్ళ మీదే చదువు చదువుతుంది. ఏళ్ళ తరబడి. నీకెప్పుడూ చెప్పలేదా?"

కాసులమ్మ చేతిలో గ్లాసు ఆగిపోయింది.

చెప్పాక నాకు భయమేసింది. బడి నిలబెట్టబోయి పిల్ల చదువే ఆపేస్తానేమో! ఈ ముసలమ్మ వద్దంటే అసిరి వెళ్ళదు.

"సముద్రం పక్కనా?" అంది కాసులమ్మ.

"అవును."

"ఒక్కతేనా?"

"ఒక్కతే."

గ్లాసు కింద పెట్టింది. పోలమ్మ దుప్పటి గెడ్డం దాకా లాగింది. గుమ్మంలోంచి కొండ కింది వైపు చూసింది. మనిషికి భయం పట్టుకోవడం అంత దగ్గర నుంచి నేనెప్పుడూ చూడలేదు.

"పదండి," అని లేచింది.

బడి వదిలిపెట్టే వేళకు వరండాకు చేరాం. పిల్లలు తాడు పట్టుకుని బయటికి వస్తున్నారు. కాసులమ్మను చూసి ఒక్కొక్కరే ఆగిపోయారు. ఆరా ఆమె మొహం ఎదుటికి తేలింది.

"తమరి ఇంట బడి ఈడు పిల్లలెందరు?"

కాసులమ్మ మంచు వైపు తిరిగింది. ఆమె గొణగలేదు. వేటలో వల లాగమని కేకవేసే గొంతుతో, కొండంతా వినపడేలా చెప్పింది.

"ఒకర్తే! పోలమ్మ! నా ఇంట్లో ఇంకెవరూ లేరు!"

"పాత మాట కొట్టివేయవలెనా?"

"ఉంచు."

తాడు వెంట నిలబడ్డ పిల్లల్లో ఎక్కడో ఒక గొంతు వెక్కిళ్ళు పెట్టి ఏడవడం మొదలుపెట్టింది. ఎవరో కనిపించలేదు గానీ నాకు తెలుసు, ఊరందరికీ తెలుసు. కాసులమ్మకు మరీ తెలుసు. ఆమె అటు వెళ్ళలేదు. తనకు అక్కడ మనవరాలే లేనట్టు, ఏమీ విననట్టు నిటారుగా నిలబడింది. కళ్ళు మాత్రం తుడుచుకుంటూనే ఉంది.

"రెండు వందల ఎనభై," అంది ఆరా. "తేడా ముప్పై ఒకటి. అనుమతించిన తేడాకు లోబడి ఉన్నది."

సన్యాసిరావు గంట కొట్టేశాడు. అప్పటికే బడి వదిలేశాం, మళ్ళీ ఎందుకు కొట్టాడో ఆయనకే తెలీదు.

పోటు ఇరవై ఏడో రోజు

పొద్దున పరిచయపత్రం ముగించాను. ఊరి భాగంలో చివర "సమాజ నేపథ్యము" అని ఒక గడి ఉంది, దాన్ని మాత్రం ప్రధానోపాధ్యాయురాలే పూరించాలి. ఇలా రాశాను: "వీరి వృత్తి వేట. వీరు బిడ్డల్ని లెక్కపెట్టరు. దయచేసి ఈ బడి విషయంలో అంకెల్ని చూసి ఎవరూ కంగారు పడవద్దు."

ఆరా బయల్దేరే ముందు నా ఎదుటికి వచ్చి ఆగింది.

"ఒక ప్రశ్న మిగిలినది. ఇంటిపెద్దల వలెనే పాఠశాల పెద్ద కూడా నోటిమాట ఇవ్వవలెను. తమరి బడిలో పిల్లలెందరు?"

కిటికీ తెరిచే ఉంది. మంచు గదిలోకి వచ్చి, రిజిస్టరు మీద, గ్లోబు మీద, నా చేతుల మీద కూర్చుని ఉంది. పక్క గదిలో ఎవరో పదిహేడు ఇరవై మూళ్ళకు జవాబు గట్టిగా చెబుతున్నారు. నా జీవితంలో ఎన్నడూ అంకె తప్పు చెప్పలేదు. నోరు తెరిచాను, మూశాను. గుండె దడదడా కొట్టుకుంది.

"మూడు వందల పది," అన్నాను.

"రిజిస్టరులో మూడు వందల పదకొండు ఉన్నవి. తేడా ఒకటి. కారణము?"

"ఊరి ఆచారం."

ఆరా కాసేపు గాల్లో ఊగింది. "నమోదు చేయబడినది," అని చెప్పి వెళ్ళిపోయింది.

ఎవర్ని వదిలానో ఈ పుస్తకంలో రాయను.